గౌరవానికి వారసులుంటారా?

చాలా ఏళ్ళ క్రితం, కృష్ణా జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పుకుంటున్న రోజుల్లో, తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి నన్నొక ప్రశ్న అడిగాడు. "మాస్టారూ! క్లైవూ లార్డే, కారన్‌వాలిసూ లార్డే, వెల్లెస్లీ కూడా లార్డే. వీళ్ళందరిదీ ఒకటే ఇంటిపేరా?" తరగతి గొల్లున నవ్వింది. నేనూ నవ్వి, "కాదురా, అది బిరుదు" అని చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయాను. తర్వాత ఆలోచిస్తే తొందరపడింది కుర్రాడు కాదు, నేనేనని తోచింది. తండ్రి పోగానే కొడుక్కి, ఆ కొడుకు పోగానే వాడి కొడుక్కి, ఎవరూ ఏమీ చెయ్యకుండానే సంక్రమించేదాన్ని ఇంటిపేరనుకోవటంలో తప్పేమీ లేదు. తేడా ఒక్కటే. ఇంటిపేరు మోసేవాడికి ఎదుటివాడు దణ్ణం పెట్టనక్కర్లేదు. బిరుదు మోసేవాడికి పెట్టాలి.

ఈ తేడాలోనే ఒక నైతిక ప్రశ్న వుంది. పొలం వారసత్వంగా వస్తుంది, ఇల్లు వస్తుంది, అప్పు కూడా వస్తుంది. మరి గౌరవం వస్తుందా? ఎవడో ఒకడు ఎప్పుడో చేసిన పనికి, అది మంచిదే కానీ చెడ్డదే కానీ, పదితరాల తర్వాత పుట్టినవాడి ముందు తోటి మానవులు వంగవలసిన బాధ్యత వుంటుందా? "తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అనే సామెతతో మన పల్లెటూరివాళ్ళు ఈ ప్రశ్నను ఎప్పుడో తేల్చేశారు. కాని ఒక దేశం ఆ మూతుల వాసన చూడటాన్ని తన పరిపాలనలో భాగంగా చేసుకుని శతాబ్దాల తరబడి నడిపింది. ఆ దేశమే మనల్నీ ఏలింది. అంచేత బ్రిటిషు ప్రభువుల బిరుదుల చరిత్ర మనకు ఒట్టి వింతకథ కాదు.

ముందు ఆ "లార్డ్" అనే మాటనే చూద్దాం. పాత ఇంగ్లీషులో దాని మూలరూపానికి అర్థం "రొట్టె కావలివాడు". "లేడీ" అంటే రొట్టెపిండి పిసికే ఆవిడ. యజమానిని ఆశ్రయించుకుని బతికేవాణ్ణి "రొట్టె తినేవాడు" అనేవారు. ఈ మూడు మాటల్లోనూ ఒక సమాజం మొత్తం కనిపిస్తుంది. కాచేవాడున్నాడు, పిసికే ఆవిడ వుంది, తినేవాడున్నాడు. గోధుమలు పండించినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. మన భాషలో కూడా ఒకప్పుడు "అన్నదాత" అని పిలిపించుకున్నది జీతం బత్తెం ఇచ్చే ప్రభువే. ఈనాడు ఆ మాటను రైతుకు వాడుతున్నాం. మాట చేతులు మారటం చిన్న సంగతి కాదు.

బ్రిటిషు ప్రభువర్గంలో పైనుంచి కిందికి ఐదు అంతస్తులున్నాయి: డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. మన పాఠ్యపుస్తకాలు డ్యూక్‌ను మినహాయించి తక్కిన నలుగురినీ "లార్డ్" అనే ఒకే గాటికి కట్టేస్తాయి గనకనే మా కుర్రాడికి ఆ సందేహం వచ్చింది. ఈ ఐదు అంతస్తులూ ఒక్కనాడు కట్టినవి కావు. అన్నిటికన్న పాతది మధ్యనున్న ఎర్ల్. 11వ శతాబ్దపు మొదటి భాగంలో డేనిష్ రాజు కాన్యూట్ ఇంగ్లండును ఏలిన కాలంలో, రాజు తరఫున ప్రాంతాల మీద అధికారం చేసేవారికి ఈ పేరు స్థిరపడింది. అంటే అది మొదట ఒక ఉద్యోగం. 1066లో నార్మండీ నుంచి విలియం దండెత్తివచ్చి, గెలిచి, నేలంతా తనదేనన్నాడు. దాన్ని తన వెంట వచ్చిన సేనానులకు, యుద్ధానికి మనుషుల్ని పంపాలనే షరతు మీద పంచిపెట్టాడు. అలా రాజు దగ్గర నేరుగా భూమి పుచ్చుకున్నవాళ్ళు బారన్లు. ఏ వూళ్ళో ఎంత భూమి, ఎన్ని నాగళ్ళు, ఎంతమంది మనుషులు ఎవరి కింద వున్నారో 1086లో విలియం రాయించిన లెక్కల పుస్తకం, డూమ్స్‌డే బుక్, ఈనాటికీ వుంది. ఒక విధంగా అది ఆ దేశపు ప్రభువర్గానికి జాతకం. అందులో ఎవరి సుగుణాలనూ వర్ణించలేదు. నేలనూ, పశువులనూ, మనుషులనూ లెక్కపెట్టారు.

తక్కిన మూడు అంతస్తులూ రాజుల అవసరాన్నిబట్టీ, ఇష్టాన్నిబట్టీ పుట్టాయి. 1337లో మూడో ఎడ్వర్డు తన కొడుకును కార్న్‌వాల్‌కు డ్యూక్‌ను చేశాడు. ఇంగ్లండులో మొదటి డ్యూక్ అతనే. అప్పటికి ఆ కుర్రాడికి ఏడేళ్ళు కూడా నిండలేదు. 1385లో రెండో రిచర్డు తనకిష్టుడైన రాబర్ట్ డి వియర్‌ను మార్క్వెస్‌ను చేసి ఎర్ల్‌ల నెత్తిన కూర్చోబెట్టాడు. 1440లో ఆరో హెన్రీ జాన్ బోమాంట్ కోసం వైకౌంట్ అనే మెట్టును ఎర్ల్‌కూ బారన్‌కూ మధ్య ఇరికించాడు. 1611లో మొదటి జేమ్సు మరో అడుగు వేసి, బారొనెట్ అనే బిరుదు పుట్టించి దానికి ధర కట్టాడు. ధర 1,095 పౌన్లు. అది ఐర్లండులోని అల్‌స్టర్‌లో ముప్ఫైమంది సైనికులకు మూడేళ్ళ జీతం. అల్‌స్టర్ అంటే అక్కడి ఐరిష్ జనం భూములు లాక్కుని ఇంగ్లీషు, స్కాట్ వలసదారులకు పంచుతున్న ప్రాంతం. బారొనెట్‌కు ప్రభువుల సభలో చోటు లేదు. కాని పేరుకు ముందు "సర్" అని పెట్టుకోవచ్చు, దాన్ని కొడుక్కి ఇచ్చిపోవచ్చు. నైట్ అయినవాడికి కూడా "సర్" వుంటుంది గాని, అది అతనితోనే పోతుంది.

ఈ చరిత్రలో మనం గమనించవలసినది ఇది: గౌరవం ముందు పుట్టి ఆస్తి తర్వాత రాలేదు. మొదట దండయాత్ర జరిగింది, తర్వాత భూమి వచ్చింది, ఆ భూమిని దక్కించుకున్న తీరు జనం మరిచిపోయాక మర్యాద వచ్చింది. దోచుకున్నవాడు దొంగ అనిపించుకోకుండా వుండాలంటే వాడు చచ్చిపోవాలి, వాడి మనవడికి పేరుకు ముందు ఒక మాట వుండాలి. బిరుదు చేసే పని అదే.

ఆ ఆస్తి చెదిరిపోకుండా చూసేందుకు ఇంగ్లీషువాళ్ళు ఒక ఉపాయం పన్నారు. సాధారణంగా బిరుదూ భూమీ పెద్దకొడుకు ఒక్కడికే పోతాయి. డ్యూక్ గారి చిన్నకొడుకును మర్యాదకు "లార్డ్" అంటారు గాని, చట్టం దృష్టిలో అతను సామాన్యుడే. ఈ పద్ధతివల్ల తమ ప్రభువర్గం ఒక కులంలాగా బిగుసుకుపోలేదని ఆ దేశపు చరిత్రకారులు కొందరు మెచ్చుకుంటారు. అందులో కొంత నిజముంది. కాని ఆ చిన్నకొడుకులంతా ఎక్కడికి పోయారు? సైన్యంలోకీ, చర్చిలోకీ, కామన్స్ సభలోకీ, ఆ తర్వాత వలస రాజ్యాల్లో ఉద్యోగాల్లోకీ పోయారు. ఇంట్లో ఎస్టేటు చెదరకుండా వుండటానికి బయట ఒక సామ్రాజ్యం కావలసివచ్చింది.

అక్కడే ఈ కథ మన గడప తొక్కుతుంది. 1757లో ప్లాసీలో గెలిచిన క్లైవుకు 1762లో బారన్ బిరుదు ఇచ్చారు. ఆ బిరుదులో ప్లాసీ పేరు చేర్చారు. అది ఐర్లండు ప్రభువర్గానికి చెందిన బిరుదు గనక, ఐర్లండులో కొన్న తన ఎస్టేటుకు అతను ప్లాసీ అని పేరుపెట్టుకున్నాడు. ఒక వలసదేశంలో చేసిన పని పేరు ఇంకో వలసదేశపు నేలకు తగిలించాడన్నమాట. 1799లో శ్రీరంగపట్నం కూలి టిప్పు మరణించాక వెల్లెస్లీని మార్క్వెస్‌ను చేశారు. అదీ ఐర్లండు బిరుదే. బ్రిటిషు ప్రభువుల లెక్కలో ఐర్లండు బిరుదు ఒక మెట్టు తక్కువ గనక, ఆయన ఎంతో అవమానపడ్డాడు. ఒక రాజ్యం నేలమట్టమైన ఏడాది ఆయన మనసును బాధపెట్టిన విషయం అది!

కారన్‌వాలిసు కథ మనకు మరీ దగ్గరిది. ఆయన ఎర్ల్ బిరుదు తండ్రి నుంచి వచ్చింది. 1781లో అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర తన సైన్యంతోసహా లొంగిపోయాడు. దానివల్ల ఎర్ల్ బిరుదుకేమీ ఢోకా రాలేదు. ఓటమివల్ల పోనిది గెలుపువల్ల పెరుగుతుంది గనక, మైసూరు యుద్ధం తర్వాత 1792లో మార్క్వెస్ అయ్యాడు. ఆ మరుసటి ఏడు బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టి జమీందారులను భూమికి యజమానులుగా ఖాయం చేశాడు. 1802 నుంచి అదే పద్ధతి ఉత్తర సర్కారులకూ వచ్చింది. చాలా పెద్ద జమీందారీల్లో ఎస్టేటును విభజించకుండా పెద్దకొడుక్కే ఇచ్చే ఆచారాన్ని మద్రాసు ప్రభుత్వం 1904లో చట్టం చేసి మరీ కాపాడింది. హైదరాబాదు నిజాముకు 1918లో, మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి బదులుగా, తక్కిన సంస్థానాధీశులెవరికీ లేని "ఎగ్జాల్టెడ్ హైనెస్" అనే సంబోధన ఇచ్చారు. పై ప్రభువు కింది ప్రభువుకు బిరుదు ఇస్తాడు. కింది ప్రభువు దాని ఖరీదును ఇంకా కిందివాడి దగ్గర వసూలు చేస్తాడు.

ప్రభువుల పక్షాన చెప్పే వాదం కూడా మనం వినాలి. 1215లో జాన్ రాజు మెడలు వంచి మాగ్నా కార్టా మీద ముద్ర వేయించింది బారన్లే కదా, నిరంకుశత్వానికి వాళ్ళే అడ్డుగోడ కదా అంటారు. నిజమే. చరిత్రలో ఒక్కొక్క వర్గానికి దాని మంచి ఘడియ వుంటుంది. కాని ఆ గోడ ఏ పక్కకు అడ్డమో చూడాలి. 1909లో లాయిడ్ జార్జి ముసలివాళ్ళ పింఛన్లకూ, యుద్ధనౌకలకూ డబ్బు కావాలని, భూమి విలువ మీద కూడా పన్నులు ప్రతిపాదించి బడ్జెట్ తెస్తే, ప్రభువుల సభ దాన్ని తోసిపుచ్చింది. రాజు పన్ను వేస్తే ఎదిరించిన చెయ్యే, జనం పన్ను వేసినా ఎదిరించింది. అడ్డుకున్నది నిరంకుశత్వాన్ని కాదు, పన్నును. కంచే చేను మెయ్యటమంటే ఇదే. దాని ఫలితంగా 1911లో చట్టం చేసి ఆ సభ అధికారాన్ని కోశారు. 1949లో ఇంకొంచెం కోశారు.

పోనీ, డబ్బున్న కొత్తవర్గం ఈ పాత బిరుదులను ఊడబెరికిందా అంటే అదీ లేదు. మిల్లు యజమానులూ, సారా బట్టీదారులూ, పత్రికాధిపతులూ బిరుదుల కోసం వరసలో నిలబడ్డారు. మొదటి జేమ్సు బాహాటంగా చేసిన బేరాన్ని లాయిడ్ జార్జి కాలంలో చాటుగా, పార్టీ నిధి పేర చేశారు. ప్రభువుల బడ్జెట్ నిరాకరణను ఎదుర్కొన్నదీ ఆయనే, బిరుదుల బజారు నడిపినవాడుగా అప్రతిష్ఠపాలైందీ ఆయనే. ఆ గొడవ ముదిరి 1925లో బిరుదుల అమ్మకాన్ని నేరంగా చేస్తూ చట్టం తెచ్చారు. ఆ చట్టం కింద 1933లో మాండీ గ్రెగరీ అనే దళారికి శిక్షపడింది. దళారికి శిక్షపడింది గాని, కొన్నవాళ్ళ బిరుదులు వాళ్ళ కొడుకులకు చేరాయి.

ఇంతవరకూ చెప్పిన దానితో మన పాఠకులెవరికీ పేచీ వుండదు. చిక్కు ఇక ముందుంది. బిరుదు దోపిడిదారుకు దక్కితే తప్పని తేలిగ్గా అనగలం. యోగ్యుడికి దక్కితే? శ్రామికవర్గం తరఫున జీవితమంతా పాటుపడినవాడు పుచ్చుకుంటే?

విలియం వెడ్జ్‌వుడ్ బెన్ లేబర్ పార్టీ నాయకుడు. 1929 నుంచి 1931 దాకా, అంటే మనవాళ్ళు ఉప్పు సత్యాగ్రహంలో లాఠీలు తిన్న రోజుల్లో, ఇండియా వ్యవహారాల మంత్రి. 1942లో ఆయన్ను వైకౌంట్ స్టాన్స్‌గేట్‌ను చేశారు. ప్రభువుల సభలో పార్టీ బలం పెంచటానికే ఒప్పుకున్నాడు. పెద్దకొడుకు 1944లో యుద్ధంలో చనిపోయాడు. 1960లో తండ్రి పోగానే, కామన్స్ సభ్యుడుగా వున్న రెండో కొడుకు టోనీ బెన్ నెత్తిన ఆ బిరుదు వచ్చి పడింది. నాకొద్దు మొర్రో అన్నా చట్టం వినలేదు. ప్రభువైనవాడు కామన్స్‌లో వుండరాదని అతని స్థానం ఖాళీ చేయించారు. 1961 ఉపఎన్నికలో ఓటర్లు అతన్నే మళ్ళీ గెలిపించారు. ఎన్నికల కోర్టు ఓడిపోయిన ప్రత్యర్థికి ఆ స్థానం ఇచ్చింది. చివరికి 1963లో బిరుదును వదులుకునే హక్కు ఇస్తూ చట్టం వచ్చింది, బెన్ ఆ రోజే వదులుకున్నాడు. అతను పోరాడి తెచ్చిన చట్టాన్ని ఆ ఏడే వాడుకున్న మరో పెద్దమనిషి ఎర్ల్ ఆఫ్ హోమ్. ఆయన తన బిరుదు వదులుకుని కన్సర్వేటివ్ ప్రధానమంత్రిగా కామన్స్‌లోకి వచ్చాడు. ఒకడు జనం ఇచ్చిన స్థానం కాపాడుకోవటానికి తెరిచిన తలుపులోంచి ఇంకొకడు అధికారం కోసం నడిచివచ్చాడు.

ఐతే ఆ చట్టంలో ఒక మెలిక వుంది. వదులుకున్నవాడు తన జీవితకాలానికే వదులుకోగలడు. బిరుదు చావదు, నిద్రపోతుంది. 2014లో టోనీ బెన్ మరణించగానే అది మేలుకుంది. ఆయన పెద్దకొడుకు వైకౌంట్ స్టాన్స్‌గేట్‌గా 2021లో ప్రభువుల సభలో ప్రవేశించాడు. ఇంకో ఉదాహరణ ఇంతకన్న చేదైనది. ఆ దేశంలో ఉచిత వైద్యాన్నీ, బొగ్గు గనుల జాతీయకరణనూ తెచ్చిన లేబర్ ప్రధాని అట్లీ, 1955లో ఎర్ల్ బిరుదు పుచ్చుకున్నాడు. ఆయన మనవడు ఆ బిరుదుతోనే ప్రభువుల సభకు వచ్చి కన్సర్వేటివ్‌ల పక్షాన కూర్చున్నాడు. తాత నేతులు శ్రామికుల ఓట్లతో కాచినవి. వాసన మాత్రం ఎదుటి పక్షానికి దక్కింది.

మనవణ్ణి తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. అతనికి తన అభిప్రాయాలుండే హక్కు వుంది. తప్పు, గౌరవాన్ని ఆస్తిగా మార్చటంలో వుంది. ఆస్తి అయ్యాక అది మొదటివాడి గుణాలతో నిమిత్తం లేకుండా పోతుంది. అంచేత బిరుదు పుచ్చుకునే యోగ్యుడు బిరుదుకు యోగ్యత తేలేడు. తన యోగ్యతను అయోగ్యులకు హామీగా రాసిస్తాడు, అంతే.

"వారసత్వం లేని బిరుదైతే?" అని అడగవచ్చు. 1958 చట్టంతో జీవితకాలపు బారన్లు వచ్చారు, ఆడవాళ్ళకు కూడా మొదటిసారి ఆ సభలో చోటు దొరికింది. మన స్వాతంత్ర్యోద్యమానికి ఆప్తుడూ, వలసలన్నిటి విముక్తికోసం పోరాడినవాడూ అయిన ఫెన్నర్ బ్రాక్‌వే, ఆ సభ రద్దుకావాలనేవాడే, 1964 ఎన్నికల్లో ఓడిపోయాక లార్డ్ బ్రాక్‌వే అయ్యాడు. ఆ వేదిక మీంచి కూడా మంచిమాటలే చెప్పాడు. ఆయన చేసింది తప్పా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. నాకు తోచిన సమాధానం ఇది. ఆయన అక్కడ మాట్లాడటం తప్పు కాదు. చేతికందిన వేదికను వదులుకోవటం అన్నివేళలా సుగుణం కాదు. కాని ఆ మాట వినపడటానికి ముందు "లార్డ్" కావలసివచ్చిందంటే, తప్పు ఆ వేదికది. దాన్ని వాడుకునేవాడు దాన్ని కూలగొట్టే పని మరిచిపోతే అప్పుడు తప్పు అతనిది.

వ్యక్తుల త్యాగంతో ఇది తేలదనటానికి ఆ సభ చరిత్రే సాక్ష్యం. 1649లో కామన్స్ దాన్ని పనికిమాలినదనీ, ప్రమాదకరమైనదనీ రద్దు చేసింది. 1660లో రాజుతోపాటు అదీ తిరిగివచ్చింది. 1999లో వారసత్వ సభ్యుల్ని పంపించివేస్తూ, 92 మందికి మినహాయింపు ఇచ్చారు. వాళ్ళలో ఖాళీ వస్తే ప్రభువులే ఎన్నుకోవాలన్నారు. 2016లో అలాంటి ఒక ఎన్నికలో అభ్యర్థులు ఏడుగురు, ఓటర్లు ముగ్గురు. ఆ 92 స్థానాలనూ తీసివెయ్యాలని ప్రభుత్వం బిల్లు తెచ్చేసరికి 2024 అయింది.

మన రాజ్యాంగం ఈ విషయంలో తెగించింది. 1950లోనే 18వ అధికరణం ద్వారా బిరుదులను రద్దు చేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, వాటిని పేరుకు ముందూ వెనకా తగిలించుకోరాదనీ 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. పనిని మెచ్చుకోవటం వేరు, మనిషిని మెట్టెక్కించటం వేరు అన్నది ఆ తీర్పు సారాంశం. మంచి భేదమే. కాని మన సినిమా ప్రకటనలూ, సన్మాన పత్రాలూ, అంతెందుకు, మన సాహిత్య సభల కరపత్రాలూ చూడండి. చట్టం పేరునుంచి కోసేసినదాన్ని మనం తెచ్చి మళ్ళీ అతికిస్తున్నాం.

ఎందుకని? మా తాత సంగతి చెబితే దీనికి కొంత సమాధానం దొరుకుతుంది. ఆయన జమీందారీ గ్రామంలో రైతు. దివాణం ముందునుంచి పోవాలంటే చెప్పులు చేతపట్టుకుని, పైగుడ్డ నడుముకు చుట్టుకుని నడిచేవాడు. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. దివాణం తలుపులు మూతబడ్డాయి, ప్రహరీ మీద రావిమొక్కలు మొలిచాయి. ఐనా తాత అక్కడికి రాగానే చెప్పులు విప్పేవాడు. "లోపల ఎవరూ లేరుగా నాన్నా!" అని మా నాన్న అడిగితే, "నాకు తెలుసురా. కాళ్ళకు తెలవటంలేదు" అన్నాడట.

కారన్‌వాలిసు శిస్తు పద్ధతి నుంచి మా తాత కాళ్ళ దాకా దారి తిన్నగానే వుంది. బిరుదు పుచ్చుకున్నవాడి కాగితంలో సగమే వుంటుంది. మిగతా సగం ఎదుటివాడి వంగిన నడుములో వుంటుంది. కాగితాన్ని చట్టం చింపగలదు. నడుము మాత్రం ఎవడిది వాడే నిలబెట్టుకోవాలి. 1946 నుంచి 1951 దాకా తెలంగాణా రైతులు చేసిన పనుల్లో భూమి పంచుకోవటం ఎంత ముఖ్యమో, "నీ బాంచన్" అనే మాట నోటినుంచి ఊడగొట్టుకోవటం అంత ముఖ్యం. ఆ రెండో పని ఏ పార్లమెంటూ చేసిపెట్టలేదు.

గౌరవానికి వారసులుండరు. అది ప్రతి తరంలోనూ, ప్రతి మనిషీ, తోటివాళ్ళ దగ్గర మళ్ళీ సంపాదించుకోవలసినది. ఇచ్చేవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగితేనే అది గౌరవం, లేకపోతే అది శిస్తు. ఆ తొమ్మిదో తరగతి కుర్రాడికి ఆనాడు నేను ఈ సంగతి చెప్పి వుండవలసింది. చెప్పకపోగా నవ్వాను, నవ్వి కూర్చోబెట్టాను. ప్రశ్న అడిగినవాణ్ణి కూర్చోబెట్టటం కూడా బిరుదులు చేసే పనుల్లో ఒకటేనని నాకు తెలియటానికి చాలాకాలం పట్టింది.